ఎస్టర్ ముడి

సూరత్‌కు దక్షిణాన పాండేసరా పారిశ్రామికవాడను ఆనుకుని ఉంటుంది బమ్రోలి. ఏ సందులోకి మళ్ళినా సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు వెంటబడుతుంది. ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళతోబాటు తెలంగాణ పల్లెల నుంచి బతుకుదెరువు కోసం తరాల కిందటే తరలివచ్చిన మన పద్మశాలీలు ఈ నగరపు బట్ట నేస్తున్నారు. ఊళ్ళో గుంటమగ్గం మీద తాతలు పత్తి నూలు నేశారు. ఇక్కడ మనవల చేతిలో ఆడేది పాలియెస్టర్ పోగు. పడుగు, పేక, అచ్చు, కండె అన్న మాటలు అవే. పోగు పుట్టిన చోటు మాత్రం మారింది. అది చేలో పండింది కాదు, కర్మాగారంలో వండింది.

జీవం పుట్టుక గురించి చెప్పే అధ్యాయాన్ని సాంచెల మధ్య మొదలుపెట్టడం వింతగా అనిపించవచ్చు. కానీ ఆ పాలియెస్టర్ పోగును పట్టి ఉంచే రసాయన ముడీ, మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఉన్న డీఎన్‌ఏను పట్టి ఉంచే ముడీ ఒకే కుటుంబానివి. అంతేకాదు, డీఎన్‌ఏ అంటే ఏమిటో, ఎలా ఉంటుందో మనిషి తెలుసుకున్న దారి మొదటి నుంచీ బట్టల పరిశ్రమ గుండానే సాగింది. అద్దకపు రంగులు, ఉన్ని పరిశోధనాలయాలు, నూలు వడికే నేర్పు లేకపోతే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ అనే కేంద్రకామ్లాల కథ ఇంకెన్నాళ్ళు ఆలస్యమయ్యేదో.

ముందు ముడి సంగతి చూద్దాం. ఒక ఆమ్లమూ ఒక ఆల్కహాలూ కలిసినప్పుడు మధ్యలోంచి ఒక నీటి అణువు ఊడిపోతుంది, మిగిలిన రెండూ అతుక్కుంటాయి. ఆ అతుకే ఎస్టర్ బంధం. పాలియెస్టర్ తయారీలో ఆమ్లం పేరు టెరెఫ్తాలిక్ ఆమ్లం. దానికి రెండు వైపులా ఆమ్లపు కొసలున్నాయి. ఆల్కహాలు పేరు ఇథిలీన్ గ్లైకాల్. దానికీ రెండు వైపులా ఆల్కహాలు కొసలున్నాయి. రెండు చేతులున్నవాళ్ళు వరసగా నిలబడితే ఎంత పొడుగు గొలుసైనా కట్టవచ్చు గదా. అయితే ముడి పడినప్పుడల్లా పుట్టే నీటిని బయటికి పంపకపోతే, ఆ నీరే వచ్చి ముడిని మళ్ళీ విప్పేస్తుంది. అందుకని కర్మాగారంలో దాదాపు 280 డిగ్రీల వేడిలో, గాలి తోడేసిన పాత్రలో ఈ పని చేస్తారు. అన్ని తిప్పలు పడ్డాక తయారయ్యే గొలుసులో ఆ జంట వంద సార్లో, కాస్త అటూ ఇటూగానో తిరిగి తిరిగి వస్తుంది.

డీఎన్‌ఏలో ఆమ్లం ఫాస్ఫారిక్ ఆమ్లం, అంటే భాస్వరపు ఆమ్లం. ఆల్కహాలు పాత్ర ఒక చిన్న చక్కెరది. ఐదు కర్బనాలుండే ఆ చక్కెర పేరు డీఆక్సీరైబోజ్. ఒక భాస్వరం, ఒక చక్కెర, మళ్ళీ భాస్వరం, మళ్ళీ చక్కెర. మధ్య మధ్య ఎస్టర్ ముళ్ళు. మనిషి క్రోమోజోముల్లో అన్నిటికన్నా పెద్దదానిలో ఇలాంటి ముళ్ళు ఒక్కో పోగుకు దాదాపు 25 కోట్లు. దానికి 280 డిగ్రీల వేడి అక్కర్లేదు, గాలి తోడెయ్యక్కర్లేదు. మన ఒంటి వేడిలో, నీళ్ళతో నిండిన కణంలో ఆ పని జరిగిపోతోంది. ఎలా జరుగుతోందో కొంత తెలుసు. మొట్టమొదటిసారి, జరిపించే కణమే లేనప్పుడు, ఎలా జరిగిందన్నదే జీవం పుట్టుకలో అసలు చిక్కు.

పాండేసరా ప్రాసెస్ హౌసుల్లో పనిచేసినవాళ్ళకు 'వెయిట్ రిడక్షన్' అంటే తెలుసు. నేసిన పాలియెస్టర్ బట్టను వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో తిప్పుతారు. క్షారం పోగు పైపొర మీద పడి ఎస్టర్ ముళ్ళను విప్పుతుంది, పోగు కొంచెం కొంచెంగా కరిగి సన్నబడుతుంది, బట్ట పట్టులా మెత్తగా జారుతుంది. సమయం మించితే గుడ్డ చిరుగుపట్టిపోతుంది. కాస్టిక్ గాఢత, వేడి, ఎన్ని నిమిషాలు అన్న లెక్క మీదే అక్కడి మాస్టర్ల పేరు నిలబడుతుంది.

అదే కాస్టిక్‌ను, బాగా పల్చన చేసి, కేంద్రకామ్లాల మీద పోస్తే ఏమవుతుంది? ఇక్కడే ప్రకృతి పనితనం కనిపిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ రాత్రికి రాత్రి ముక్కముక్కలైపోతుంది. డీఎన్‌ఏ గొలుసు మాత్రం తెగదు. రెండింటి ముడీ ఒకటే. తేడా అల్లా చక్కెరలో ఒక్క ఆక్సిజన్ పరమాణువు. ఆర్‌ఎన్‌ఏ చక్కెరకు, అంటే రైబోజ్‌కు, ముడి పక్కనే ఒక ఆల్కహాలు కొస ఖాళీగా ఉంటుంది. క్షారం తగలగానే అది పక్కనున్న భాస్వరం మీదికి తిరగబడి సొంత గొలుసునే తెంపుతుంది. డీఎన్‌ఏ చక్కెరలో ఆ ఆక్సిజనే లేదు, కాబట్టి తిరగబడేవాడే లేడు. తరతరాల సమాచారాన్ని దాచిపెట్టే పని డీఎన్‌ఏకు, నాలుగు గంటలు వాడి పారేసే పనులు ఆర్‌ఎన్‌ఏకు దక్కడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

పాలియెస్టర్‌ను అంత సులువుగా కరిగించే క్షారం డీఎన్‌ఏ ముడిని ఎందుకు ముట్టుకోలేకపోతోంది? ఫాస్ఫారిక్ ఆమ్లానికి మూడు కొసలున్నాయి. రెండు కొసలు రెండు వైపులా చక్కెరల్ని పట్టుకుంటే మూడోది ఖాళీగా, రుణ విద్యుదావేశంతో నిలబడి ఉంటుంది. క్షారంలో దాడి చేసే అయానుకూ రుణావేశమే. ఒకే ఆవేశం గలవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అంటే ప్రతి ముడి దగ్గరా ఒక కాపలాదారు ఉన్నాడు. హార్వర్డ్ రసాయనవేత్త ఫ్రాంక్ వెస్ట్‌హైమర్ 1987లో రాసిన వ్యాసంలో ఈ ప్రశ్ననే ఎత్తుకున్నాడు: ప్రకృతి భాస్వరాన్నే ఎందుకు ఎన్నుకుంది? రెండు వైపులా పట్టుకుని కూడా ఇంకా ఆవేశం మిగిలి ఉండాలి. అలాంటి ఆమ్లాలు ఎన్నో లేవు. ఆర్సెనిక్ ఉంది గాని దాని ముళ్ళు నీళ్ళలో చిటికెలో ఊడిపోతాయి. గంధకపు ఆమ్లానికి కొసలు చాలవు. ఆ వ్యాసం చదివినప్పటి నుంచీ నాకు భాస్వరం ఎరువుల సంచీలో పొడిగా కనిపించడం మానేసింది.

*

ఇప్పుడు చరిత్రకు వద్దాం. అక్కడా బట్టే మొదటి సాక్షి.

1869లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఫ్రీడ్రిష్ మీషర్ అనే పాతికేళ్ళ స్విస్ వైద్యుడు శస్త్రచికిత్సల ఆసుపత్రి నుంచి వాడేసిన కట్టుగుడ్డలు తెప్పించుకునేవాడు. చీముతో నిండిన గుడ్డలు. వాటిని ఉప్పు ద్రావణంతో కడిగి చీము కణాలను వేరుచేసి, వాటి కేంద్రకాల్లోంచి ఒక తెల్లని పదార్థం రాబట్టాడు. అందులో భాస్వరం దండిగా ఉంది. ప్రోటీన్లలో అలా ఉండదు. దానికి న్యూక్లీన్ అని పేరుపెట్టాడు. అతని గురువు హోపె-సైలర్ నమ్మలేక స్వయంగా ప్రయోగం మళ్ళీ చేసి చూసుకున్నాకే, 1871లో, దాన్ని అచ్చు వెయ్యనిచ్చాడు. కేంద్రకామ్లం మొదటిసారి మనిషి కంటబడింది ఆసుపత్రి గుడ్డ మీద.

అప్పటికి యూరప్ అద్దకపు గుంటల్లో కొత్త రంగులు పొంగుతున్నాయి. 1856లో విలియం పెర్కిన్ తారు నుంచి ఊదారంగు తీశాడు. మూడేళ్ళకే ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఫుక్సిన్ అనే ఎర్రరంగు వచ్చింది. పట్టుకు, ఉన్నికి వేసే ఈ అనిలీన్ రంగుల్ని జీవశాస్త్రవేత్తలు సూక్ష్మదర్శిని కిందికి తెచ్చారు. కణంలో మిగతా భాగమంతా వెలవెలబోయినా కేంద్రకంలోని దారాలు మాత్రం రంగును పట్టి పీల్చుకున్నాయి. వాల్తర్ ఫ్లెమింగ్ 1882 నాటికి కణవిభజనలో ఆ దారాల నడకనంతా బొమ్మలు గీసి చూపించాడు. అవి రంగును ఎందుకంతగా పట్టుకున్నాయో తర్వాత తెలిసింది. ఆ రంగుల్లో చాలావాటికి ధనావేశం ఉంది. భాస్వరపు కాపలాదారులకు రుణావేశం ఉంది. ఇక పట్టుకోకుండా ఎలా ఉంటాయి? 1924లో జర్మనీలో రాబర్ట్ ఫాయిల్గెన్ అదే ఫుక్సిన్‌ను రంగు విరిచి, ఆమ్లంలో కాస్త వేడిచేసిన కణాల మీద వేస్తే డీఎన్‌ఏ ఉన్నచోట మాత్రమే మెజెంటా రంగు తిరిగొచ్చింది. పట్టుచీరల రంగుతో డీఎన్‌ఏ ఎక్కడుందో చూడటం అప్పుడు మొదలైంది.

ఎక్కడుందో తెలిసింది, ఎలా ఉందో తెలియదు. రష్యా సామ్రాజ్యంలో పుట్టి న్యూయార్క్‌లో పనిచేసిన ఫీబస్ లెవీన్ రైబోజ్‌నూ డీఆక్సీరైబోజ్‌నూ గుర్తించిన గొప్ప రసాయనవేత్త. ఆయన కేంద్రకామ్లాల్లో చక్కెరలకు తగిలి ఉండే నాలుగు నత్రజని క్షారాలు (కాస్టిక్ లాంటివి కావివి) సమాన పాళ్ళలో ఒకే వరసలో పునరావృతమవుతాయని భావించాడు. అంటే పాలియెస్టర్ లాగా మొదటి నుంచి చివరి దాకా ఒకటే మాట. అలాంటి దానిలో వంశపారంపర్య సమాచారం ఎలా దాగుతుంది? అందరి చూపూ ప్రోటీన్ల వైపు మళ్ళింది. ఆ భావన బలంగా నాటుకోబట్టే 1944లో ఆస్వాల్డ్ ఏవరీ బృందం బాక్టీరియాల గుణాలు మార్చేది డీఎన్‌ఏనే అని చూపించినా చాలామంది తలపంకించి ఊరుకున్నారు.

దాన్ని పడగొట్టిన పనిముట్టు ఉన్ని నుంచి వచ్చింది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ ఉన్ని బట్టల నగరం. అక్కడి ఉన్ని పరిశ్రమల పరిశోధన సంఘంలో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ ఉన్నిలో ఏ అమైనో ఆమ్లం ఎంత ఉందో లెక్కతేల్చడానికి తంటాలు పడుతూ 1941లో ఒక పద్ధతి కనిపెట్టారు. 1944 నాటికి అది వడపోత కాగితం మీద చేసేంత సులువైంది. కాగితం మూల ఒక బొట్టు పెట్టి, అంచును ద్రావకంలో ముంచితే, ద్రావకం పైకి పాకుతూ కలగాపులగమైన పదార్థాల్ని ఒక్కోదాన్ని ఒక్కోచోట దించుతూ పోతుంది. దాని పేరు పేపర్ క్రొమాటోగ్రఫీ. 1952లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎర్విన్ చార్గాఫ్ ఈ కాగితాన్నే పట్టుకుని డీఎన్‌ఏలోని నాలుగు క్షారాల్నీ కొలిచాడు. నాలుగూ సమానం కాదని తేలింది. కానీ అడెనిన్ ఎంతో థైమిన్ అంత. గ్వానిన్ ఎంతో సైటోసిన్ అంత. జీవిని బట్టి పాళ్ళు మారుతున్నాయి, ఈ జతలు మాత్రం మారడం లేదు. లెవీన్ వరస కుప్పకూలింది.

లీడ్స్ మరో పని కూడా చేసింది. అక్కడి విశ్వవిద్యాలయంలో విలియం ఆస్ట్‌బరీ 1928 నుంచి బట్టల భౌతికశాస్త్రం చెప్పేవాడు. ఉన్ని పోగు లాగితే ఎందుకు సాగుతుందో, వదిలితే ఎందుకు మొదటికి వస్తుందో ఎక్స్‌రేలతో తేల్చినవాడు. వేరుశనగ ప్రోటీన్‌తో పోగు తీయవచ్చని పరిశ్రమవారితో కలిసి నిరూపించి, ఆ పోగుతో నేసిన ఓవర్‌కోటు తొడుక్కు తిరిగాడు. అతని దగ్గర పరిశోధన చేసిన ఫ్లారెన్స్ బెల్ 1938లో దూడ థైమస్ గ్రంథి నుంచి తీసిన డీఎన్‌ఏను ఎండబెట్టి పోగులా సాగదీసి ఎక్స్‌రే చిత్రం తీసింది. డీఎన్‌ఏకు ఇలాంటి చిత్రాలు అవే తొలివి. క్షారాలు బిళ్ళల్లా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయనీ, వాటి మధ్య ఎడం నానోమీటరులో మూడో వంతు అనీ అందులోంచి తేలింది. ఆ సంఖ్య ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ అమ్మాయి పేరు మాత్రం పాఠ్యపుస్తకాల్లో లేదు, ఉండాలి.

1950లో లండన్‌లోని కింగ్స్ కాలేజీలో మారిస్ విల్కిన్స్ చేతికి స్విట్జర్లాండ్ నుంచి రుడాల్ఫ్ సిగ్నర్ తయారుచేసిన మేలైన డీఎన్‌ఏ వచ్చింది. జిగురుగా ఉన్న దానిలో గాజుపుల్ల ముంచి తీస్తే కంటికి ఆనీ ఆనని పోగు సాగి వచ్చింది. ఆ పోగులతోనే రోజలిండ్ ఫ్రాంక్లిన్ పనిచేసింది. గాలిలో తేమను లెక్కగా పెంచుతూ తగ్గిస్తూ పోతే డీఎన్‌ఏ పోగుకు రెండు రూపాలున్నాయని ఆమె పట్టుకుంది. తేమ తగిలితే పోగు సాగి పొడుగవుతోంది. అంటే నీటిని పీల్చే భాస్వరం బయటివైపే ఉండాలి. ఆమె పర్యవేక్షణలో రేమండ్ గాస్లింగ్ 1952 మేలో తీసిన 51వ నంబరు చిత్రంలో మెలిక గుర్తు స్పష్టంగా పడింది. చార్గాఫ్ జతలు, ఫ్రాంక్లిన్ చిత్రాలు, కొలతలు కలిపి జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ 1953 ఏప్రిల్ 25న అచ్చువేసినదే జంటమెలిక నిర్మాణం.

ఆ నిర్మాణం బమ్రోలిలో టీఎఫ్‌ఓ యంత్రం మీద నూలు మెలిపెట్టే కుర్రవాడికి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: రెండు పోగుల నూలు, జెడ్ మెలిక. నిలువుగా పట్టుకుంటే ఎదురుగా కనిపించే గీతలు ఎడమ కింది నుంచి కుడి పైకి ఎక్కుతాయి. మెలిక మందం రెండు నానోమీటర్లు. పదిన్నర క్షార జతలకు ఒక చుట్టు. భాస్వరమూ చక్కెరా బయట, క్షారాలు లోపల. అడెనిన్ ఎదుట థైమిన్, వాటి మధ్య రెండు హైడ్రోజన్ బంధాలు. గ్వానిన్ ఎదుట సైటోసిన్, మధ్య మూడు. ఒక పోగు పైకి నడిస్తే రెండోది కిందికి నడుస్తుంది. నూలుకూ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. నూలు మెలిక విప్పితే రెండు పోగులు మిగులుతాయి, అంతే. డీఎన్‌ఏ మెలిక విప్పితే ఒక్కో పోగూ తన జతను మళ్ళీ కట్టుకోవడానికి కావలసిన సమాచారమంతా మోసుకుని ఉంటుంది. అడెనిన్ కనిపిస్తే ఎదుట థైమిన్ రావాలి, అంతే. జీవం కొనసాగడానికి ఆధారం ఇదే.

*

ఈ కథలో మన తెలుగువాడి స్థానం చాలామందికి తెలియదు. అద్దకంతో అతనికీ బంధుత్వం ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి 1923లో హార్వర్డ్ చేరాడు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో, కండరంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రకటించాడు. నమూనాలో ఆమ్లమూ అమ్మోనియం మాలిబ్డేటూ కలుపుతారు. భాస్వరం మాలిబ్డినంతో జతకడుతుంది. దానికి ఒక క్షయకరణి చేరిస్తే నీలిరంగు పుడుతుంది. భాస్వరం ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఆ క్షయకరణి అమైనోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లం. అది అద్దకపు పరిశ్రమ సరుకు. ఉన్నికి వేసే నల్లరంగుల తయారీలో వాడతారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ గాజు గొట్టం వంక చూడాలి. కండరపు సారంలో నీలం రావలసినంత వేగంగా రాలేదు. ఆగి ఆగి, మెల్లమెల్లగా చిక్కనైంది. ఇంకొకరైతే రసాయనం పాడైందని పారబోసేవారు. వీళ్ళు ఆ ఆలస్యం వెనకపడ్డారు. భాస్వరాన్ని పట్టుకుని ఉండి, ఆమ్లం తగిలాక కొంచెం కొంచెంగా వదులుతున్న పదార్థం ఏదో అందులో ఉండాలి. 1927లో అది ఫాస్ఫోక్రియాటిన్ అని తేలింది. 1929లో వాళ్ళే కండరం నుంచి ఇంకో పదార్థాన్ని వేరుచేశారు, అదే ఏటీపీ. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్నే కనుక్కున్నాడు.

ఏటీపీని బళ్ళో శక్తి అణువు అని చెబుతారు. అది సగం మాటే. దాని కట్టడం చూడండి: అడెనిన్, రైబోజ్, మూడు భాస్వరాలు. అంటే అది ఆర్‌ఎన్‌ఏలోని నాలుగు అక్షరాల్లో ఒకటి, అతుక్కోవడానికి సిద్ధంగా ఉన్న రూపంలో. కణం ఆర్‌ఎన్‌ఏ గొలుసు కట్టేటప్పుడు ఏటీపీని తెచ్చి, బయటి రెండు భాస్వరాల్ని తెంచి, లోపలిదాన్ని గొలుసుకు ముడివేస్తుంది. తెంచినప్పుడు విడుదలైన శక్తే ముడి వేయడానికి అయ్యే ఖర్చు. కర్మాగారంలో 280 డిగ్రీల వేడి చేసే పనిని కణంలో ఈ రెండు భాస్వరాలు చేస్తున్నాయి. కండరం కదలడానికీ వారసత్వం రాసుకోవడానికీ ఒకే అణువు వాడటం కాకతాళీయం కాదని నా నమ్మకం. జీవక్రియలో పనిచేసే ఎన్‌ఏడీ, ఎఫ్‌ఏడీ, కోఎంజైమ్-ఏ వంటి సహాయక అణువులన్నిటికీ ఒక పక్కన ఇదే అడెనిన్-రైబోజ్ ముక్క తగిలించి ఉంటుంది. పని చేసేది రెండో పక్క. ఈ ముక్క ఎందుకుంది? ఒకప్పుడు ఆ పనులన్నీ ఆర్‌ఎన్‌ఏ చేసేదనీ, ఇది దాని అవశేషమనీ 1976లో హెరాల్డ్ వైట్ వాదించాడు. అంతకన్నా మంచి సమాధానం నాకు కనిపించలేదు.

సుబ్బారావు తర్వాత లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లం తయారుచేయించాడు, దానికి విరుగుడు అమైనోప్టెరిన్ కూడా. ఫోలిక్ ఆమ్లం లేకపోతే డీఎన్‌ఏకు క్షారాలు తయారుకావు. ఆ విరుగుడుతోనే 1948లో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తక్యాన్సర్ పిల్లలకు తొలిసారి తాత్కాలికంగానైనా ఉపశమనం ఇవ్వగలిగాడు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు.

*

వాట్సన్, క్రిక్‌ల వ్యాసం వచ్చి మూడు వారాలు తిరక్కుండానే, 1953 మే 15న, షికాగోలో హెరాల్డ్ యూరీ విద్యార్థి స్టాన్లీ మిల్లర్ ఇంకో వ్యాసం అచ్చువేశాడు. మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి ఉన్న గాజు పాత్రలో విద్యుత్తు మెరుపులు పంపితే అమైనో ఆమ్లాలు పుట్టాయి. పుట్టాయని ఎలా తెలిసింది? లీడ్స్ ఉన్ని పరిశోధకుల కాగితం మీదే. నిన్‌హైడ్రిన్ చల్లితే ఊదారంగు మచ్చలు లేచాయి. డీఎన్‌ఏ నిర్మాణమూ, అమైనో ఆమ్లాల పుట్టుకా ఒకే వసంతంలో, ఒకే పనిముట్టు సాయంతో బయటపడ్డాయి.

1960లో హ్యూస్టన్‌లో హువాన్ ఓరో అమ్మోనియా, హైడ్రోజన్ సయనైడ్ కలిపి వేడిచేసి అడెనిన్ సాధించాడు. ఐదు సయనైడ్ అణువులు కలిస్తే ఒక అడెనిన్. ప్రాణం తీసే విషమే ప్రాణపు అక్షరానికి ముడిసరుకు. మూడేళ్ళకు, శ్రీలంకలో పుట్టి మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన సిరిల్ పొన్నంపెరుమ, కార్ల్ సేగన్, రూత్ మారినర్‌లతో కలిసి అడెనోసిన్‌కు ఒక ఫాస్ఫేట్ సమ్మేళనం చేర్చి అతినీలలోహిత కాంతి పట్టి ఏటీపీ పుట్టించాడు. వాళ్ళు వాడిన ఫాస్ఫేట్ తొలినాటి భూమి మీద ఉండి ఉంటుందా అన్నది అనుమానమే. భాస్వరమంతా ఎపటైట్ అనే ఖనిజంలో కాల్షియంతో బిగుసుకుని ఉంది. మన పళ్ళు, ఎముకలు ఆ జాతి పదార్థమే, నీళ్ళలో కరగవు. ఈ చిక్కుకు ఇటీవల వచ్చిన మంచి సమాధానం సోడా సరస్సులు. కార్బొనేటు ఎక్కువగా ఉన్న నీటిలో కాల్షియం దానితో పోయి పేరుకుంటుంది, భాస్వరం నీటిలో మిగిలిపోతుంది. మహారాష్ట్రలోని లోణార్ ఆ కోవకు చెందిన సరస్సు.

అక్షరాలు దొరికాయి, భాస్వరం దొరికింది అనుకుందాం. ముడి ఎవరు వేస్తారు? నీళ్ళలో ఎస్టర్ ముడి దానంతటదిగా పడదు. ప్రోటీన్ ఎంజైములు వేయాలంటే ఆ ఎంజైముల్ని కట్టే సూచనలు కేంద్రకామ్లంలోనే ఉండాలి. ఈ విషవలయంలోంచి బయటపడే దారి 1982లో కనిపించింది. టెట్రహైమెనా అనే ఏకకణజీవిలో ఒక ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ సాయం లేకుండా, తనను తానే కత్తిరించుకుని అతికించుకోవడం థామస్ చెక్ గమనించాడు. సిడ్నీ ఆల్ట్‌మన్ ఇంకో ఉదాహరణ చూపాడు. సమాచారం దాచే అణువే పని కూడా చేయగలదు. వాల్టర్ గిల్బర్ట్ 1986లో దీనికి 'ఆర్‌ఎన్‌ఏ ప్రపంచం' అని పేరుపెట్టాడు. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 2000లో వచ్చింది. ప్రోటీన్లను నేసే రైబోసోమ్ నిర్మాణం పరమాణువుల స్థాయిలో చూస్తే, అమైనో ఆమ్లాలను అతికించే చోట ప్రోటీన్ లేదు, ఉన్నది ఆర్‌ఎన్‌ఏ. ఆ పనికి 2009లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో వెంకట్రామన్ రామకృష్ణన్ పెరిగిందీ, బీఎస్సీ చదివిందీ సూరత్ నుంచి రైల్లో రెండు గంటల దూరంలోని వడోదరలో.

మొదటి ముళ్ళకు రెండు దారులు ప్రయోగశాలలో పనిచేస్తున్నాయి. ఒకటి తడిసి ఎండడం. డేవిడ్ డీమర్ వంటివారి వాదన ప్రకారం వేడి నీటిగుంటల అంచుల్లో నీరు ఇంకినప్పుడు ముళ్ళు పడతాయి, తడిసినప్పుడు గొలుసులు కదిలి కలుసుకుంటాయి. పాలియెస్టర్ కర్మాగారంలో నీటిని బయటికి తోడే పనే అక్కడ ఎండ చేస్తుంది. రెండోది బంకమట్టి. అమెరికాలో జేమ్స్ ఫెరిస్ మాంట్‌మొరిల్లోనైట్ బంకమట్టి మీద, చురుకుచేసిన న్యూక్లియోటైడ్లతో, అంటే ఆ అక్షరాలతోనే, యాభై దాకా అక్షరాలున్న ఆర్‌ఎన్‌ఏ గొలుసుల్ని కట్టించి 1996లో ప్రకటించాడు. మన నల్లరేగడిని తడిస్తే ఉబ్బేలా, ఎండితే నెర్రెలిచ్చేలా చేసేది ఆ ఖనిజ కుటుంబమే. పత్తికి పేరుపడిన నేల అది. 2009లో జాన్ సదర్లాండ్ బృందం చక్కెరనూ క్షారాన్నీ విడివిడిగా చేసి అతికించే బదులు, ఫాస్ఫేట్ సమక్షంలో వేరే దారిన రెండు ఆర్‌ఎన్‌ఏ అక్షరాలను పూర్తిగా కట్టి చూపింది. అప్పటిదాకా అసాధ్యం అనుకున్న మెట్టు అది.

ఇంత జరిగినా, జీవం రహస్యం ఛేదించేశారని పత్రికలు రాసే శీర్షికల్ని నమ్మకండి. ప్రయోగాల్లో వాడే సరుకు చాలా శుద్ధమైనది, ప్రకృతి గుంటలో అన్నీ కలిసిపోయి ఉంటాయి. తనను తాను పూర్తిగా నకలు తీసుకోగల ఆర్‌ఎన్‌ఏ ఇంకా తయారుకాలేదు. 2024లో జెరాల్డ్ జాయిస్ బృందం ఒక ఆర్‌ఎన్‌ఏ ఎంజైము మరో పనిచేసే ఆర్‌ఎన్‌ఏను తరాలపాటు నకళ్ళు తీస్తూ, ఆ నకళ్ళు పరిణామం చెందడం చూపించింది. గమ్యం దగ్గరపడుతోంది గాని చేరలేదు. భూమి వయసు 454 కోట్ల ఏళ్ళు. ఆస్ట్రేలియా రాళ్ళలో 348 కోట్ల ఏళ్ళ నాటి సూక్ష్మజీవుల ఆనవాళ్ళున్నాయి. మధ్యలో వంద కోట్ల ఏళ్ళలో ఎప్పుడో, ఏదో గుంటలో, ముడి పడటం ఊడటం కన్నా వేగమైంది.

సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. అక్కడి ఉపాధ్యాయులకూ, ఇంట్లో సాంచె ఉన్న తల్లిదండ్రులకూ ఒక మనవి. బాగా పండిన అరటిపండు సగం తీసుకుని, అరగ్లాసు నీటిలో చెంచాడు గిన్నెలు తోమే ద్రావణం, చిటికెడు ఉప్పు వేసి మెత్తగా పిసికి, పల్చని గుడ్డతో వడకట్టండి. సబ్బు కణపు పొరల్ని కరిగిస్తుంది, ఉప్పులోని ధనావేశం భాస్వరపు తోపుడును తగ్గిస్తుంది. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను బాగా చల్లబరచి, గ్లాసు గోడ వెంట మెల్లగా జారనివ్వండి. దగ్గర్లో మంట ఉండకూడదు. కాసేపట్లో రెండు ద్రవాల నడుమ తెల్లని నార తేలుతుంది. దానిలో కొంత ప్రోటీనూ ఆర్‌ఎన్‌ఏ కూడా ఉంటాయి, మిగతాది డీఎన్‌ఏ. ఒక పుల్లతో మెల్లగా చుట్టి పైకి తీయించండి. పోగు పట్టడం ఆ పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు, ఆ పోగులో ఏముందో మాత్రం తెలుగులో చెప్పండి.